ముప్ఫై రెండో పేజీ

మా అక్క ఇప్పటికి మూడు రకాల పనులు చేసింది. మొదట కవిత్వం రాసింది. తరవాత ఇతరుల కవిత్వం మీద రాసింది. ఆ తరవాత రాయడమే మానేసి బొమ్మలు వేస్తోంది, అదీ కాగితం మీద కాదు, ట్యాబ్ మీద. మా బావ లెక్కల మేష్టారు. ఈ మూడింటినీ కలిపి ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "మీ అక్క మొదట తను తిట్లు తింది, తరవాత అందరికీ పెట్టింది, ఇప్పుడు ఎవరి జోలికీ పోకుండా రంగులు పులుముకుంటోంది." వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ రెండో పని వదిలి మూడో పనిలోకి ఎందుకొచ్చిందో బావకి చాలాకాలం తెలియదు. నాకొక్కదానికే తెలుసు.

అక్క మొదటి పుస్తకం ఇరవై రెండో ఏట వచ్చింది, రెండోది ఇరవై ఏడో ఏట. వాటిని అయినవాళ్ళం కొన్నాం, పరాయివాళ్ళు మెచ్చుకున్నారు. కొని, చదివి, మెచ్చుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ రోజుల్లోనే ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. ఎదురుగా గోడ, పక్కన ఫ్యాను, బల్ల మీద తడి ఆరని కాగితాలు. అక్షరదోషాలు దిద్దుతూ దిద్దుతూ, అక్క మార్జిన్లో పెన్సిలుతో చిన్న చిన్న వ్యాఖ్యలు రాసేది. "ఈ విమర్శకుడు పుస్తకం అట్ట మాత్రమే చదివాడు" లాంటివి. ఒకరోజు అవి సంపాదకుడి కంటపడ్డాయి. ఉద్యోగం పోయిందనుకుంది. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, "ఇంత ముచ్చటగా తప్పులు పట్టేదానివి, ఆ సమీక్షల పేజీ నువ్వే రాయమ్మా" అన్నాడు.

అలా ఎనిమిదేళ్ళు రాసింది. పాఠకులు పత్రికని వెనకనుంచి తెరిచేవాళ్ళు, అక్క పేజీ వెనకుండేది కనక. కవులు మాత్రం సభల్లో అక్క కనపడితే కుర్చీ మార్చుకునేవాళ్ళు. అక్కకి అది గొప్పగానే ఉండేదని నేననుకుంటాను. నాకూ గొప్పగానే ఉండేది. నేను ఆస్పత్రి మందుల షాపులో కొత్తగా చేరిన రోజులవి. కౌంటరు దగ్గరికొచ్చిన డాక్టర్లు, "ఆవిడ మీ అక్కగారా?" అని అడిగితే నా మెడ ఒక అంగుళం పెరిగేది.

ఆ ఎనిమిదేళ్ళలో ఏడో ఏడు ఒక లైన్‌మన్ రాసిన పుస్తకం సమీక్షకి వచ్చింది. ఆయన కరెంటు శాఖలో పని చేసేవాడు. అదే ఆయన మొదటి పుస్తకం. అక్క దాన్ని ఉతికి ఆరేసింది. మొదటి వాక్యమే ఇలా ఉంది: "ఈ పుస్తకంలో అరవై కవితలున్నాయి. కవిత్వం బహుశా అరవై ఒకటో దాంట్లో ఉండి ఉంటుంది." అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యలో ఇంకో పేరా రాసింది: "ముప్ఫై ఒకటో పేజీలో తండ్రి ఆస్పత్రి మంచం మీద ఊపిరి కోసం తంటాలు పడుతుంటాడు. పేజీ తిప్పేసరికి, ముప్ఫై రెండులో కొడుకు సైకిలెక్కి బెల్లు కొట్టుకుంటూ వాలు దిగిపోతుంటాడు. దుఃఖం నుంచి ఇంత తొందరగా తేరుకున్న కొడుకుని మనం ఇదివరకు చూడలేదు."

జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మా షాపులో ఇద్దరికి చదివి వినిపించాను కూడా.

రెండు నెలల తరవాత అక్క ఏదో పుస్తకం కోసం ఒక షాపుకి వెళ్ళింది. మాటల సందర్భంలో షాపాయన అన్నాడు: "ఆ లైన్‌మన్ గారొచ్చి మిగిలిన కాపీలన్నీ రెండు సంచుల్లో వేసుకుని పట్టుకుపోయారమ్మా. ఇంక రాయనన్నారు. ఆ ఆస్పత్రి కవిత వాళ్ళ నాన్న పోయినప్పుడు రాసుకున్నదట." ఆయన నిందించడానికి అనలేదు. ఉన్నమాట చెప్పాడంతే. అక్క కొనాల్సిన పుస్తకం కొనకుండా నేరుగా మా షాపుకొచ్చింది. కౌంటరు అవతల మందుల చీటీ పట్టుకున్న మనిషిలా నిలబడి, "చిన్నీ, నేనొక మనిషి నోరు నొక్కేశానే" అంది.

నాకు చేతనైన ఓదార్పు చెప్పాను. అదేం పనిచెయ్యలేదు. అప్పటినుంచి అక్క రాతలో కారం తగ్గిపోయింది. ఏ పుస్తకం వచ్చినా "మంచి ప్రయత్నం" అని రాసి పంపేది. పేజీ చప్పబడిపోతోందని సంపాదకుడు గొణిగాడు. తన పేరిట వచ్చే ఉత్తరాలు విప్పడం మానేసింది. ఏడాది తిరక్కుండానే మణికట్టు నొప్పని చెప్పి పత్రిక మానేసింది. కవిత్వం కూడా దాంతోపాటే పోయింది. "ఒకరిచేత మాన్పించినదాన్ని నేను ఏ మొహం పెట్టుకుని రాయను?" అని నాతో అంది. అందరికీ మణికట్టు కథే చెప్పింది. నాలుగు రోజులు పట్టీ కూడా కట్టుకుంది, నేనే తెచ్చిచ్చాను.

తరవాత చాలా ఏళ్ళు అక్క ఒట్టి ఇల్లాలు. ఆ మాటంటే ఇప్పటికీ కోపం వస్తుంది కాని, నిజం అదే. కూతురు కొత్త ట్యాబ్ కొనుక్కుని పాతది వంటింటి అలమరలో పడేసింది. ఒక మధ్యాహ్నం అక్క దాన్ని తీసి, తుడిచి, వేలితో ఏదో గీసింది. కిటికీలోంచి కనిపించే కరెంటు స్తంభం, దాని మీద చిక్కుపడ్డ తీగలు. సాయంత్రం నేను వెళ్ళేసరికి స్తంభానికి వాన తగిలింది. వారానికి ఆ వానలో ఒక వీధి పుట్టింది.

ఆర్నెల్లలో అక్క పెన్ను కొనుక్కుంది, పొరలు పొరలుగా బొమ్మ వెయ్యడం నేర్చుకుంది. కింద పొరలో ఆకాశం, పైన ఇళ్ళు, వాటి పైన మనుషులు. నచ్చని పొరని తీసేస్తే మిగతాది చెక్కుచెదరదు. తప్పు గీత పడితే వెనక్కి తీసుకునే బొత్తం ఒకటుంది. బావ భుజం మీంచి తొంగిచూసి, "పత్రికలో రాసే రోజుల్లోనూ నీకిలాంటిదొకటి ఉంటే ఎంతమంది బతికిపోయేవాళ్ళో" అన్నాడు. ఎప్పుడూ వేసే జోకే. అక్క పెన్ను కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. బావ నావైపు చూశాడు. నేను ట్యాబ్ వైపు చూశాను.

బొమ్మల కింద అక్క సొంత పేరు పెట్టుకోలేదు. "చుక్క" అని సంతకం చేసేది. ఆ బొమ్మలు ఫోన్లలో చేతులు మారి ఒక ప్రచురణకర్త దాకా వెళ్ళాయి. ఆవిడ నా వయసుదే, మాట కరుకు, మనసు మంచిది. పుస్తకాల అట్టలు వెయ్యమని అడిగింది. నాలుగైదేళ్ళలో అక్క ముప్ఫై అట్టల దాకా వేసింది. వంటల పుస్తకానికి, పిల్లల కథలకి, ఒకసారి ఆదాయపన్ను మీద పుస్తకానికి కూడా. కవిత్వం పుస్తకాలు మాత్రం ఒప్పుకునేది కాదు. ప్రచురణకర్త రెండుమూడుసార్లు అడిగి ఊరుకుంది.

పోయిన ఏడాది ఒక బుధవారం మధ్యాహ్నం నేను కౌంటరులో ఉండగా అక్క ఫోన్ చేసింది. ఎదురుగా అయిదుగురు నిలబడి ఉన్నారు.

"చిన్నీ, ఆయన మళ్ళీ రాశాడే."

"ఎవరే?"

"లైన్‌మన్."

వరసలో ఉన్నవాళ్ళని పక్క కౌంటరుకి పంపి స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళాను. దగ్గుమందు పెట్టెల మధ్య నిలబడి విన్నాను. ప్రచురణకర్త ఒక కవిత్వం పుస్తకం పంపింది. అక్క మామూలుగానే కాదంది. "ఈ ఒక్కటీ కాదనకండి. రచయిత పట్టుపట్టి కూర్చున్నాడు. చుక్క వేస్తేనే పుస్తకం, లేకపోతే వద్దంటున్నాడు" అందట ఆవిడ. సరే చూద్దామని ఫైలు తెరిస్తే మొదటి పేజీలో ఆయన పేరు. లోపల రెండు వాక్యాల పరిచయం: కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు, ఇది వీరి తొలి పుస్తకం.

"తొలి పుస్తకమటే," అంది అక్క. "ఆ మొదటిదాన్ని లెక్కలోంచే తీసేశాడు. నావల్ల."

"చుక్కవి నువ్వేనని ఆయనకి తెలీదు కదా?"

"ఎలా తెలుస్తుంది?"

"అయితే నోరుమూసుకుని వేసెయ్. మంచి అట్ట వేసిస్తే బాకీ తీరిపోయినట్టే."

ఆ సలహా ఇచ్చినందుకు నేనిప్పుడు సిగ్గుపడుతున్నాను. కాని ఆ దగ్గుమందుల మధ్య నాకు అంతకంటే మంచిది తోచలేదు.

అక్క పది రోజులు ప్రయత్నించింది. ఏమీ రాలేదు. ఒక స్తంభం గీసి తీసేసేది, ఒక చెయ్యి గీసి తీసేసేది. పుస్తకం బాగుంది, అదే ఇంకా కష్టంగా ఉందని చెప్పింది. "బాగోకపోతే నేను అప్పుడు రాసింది రైటేననుకునేదాన్ని" అంది. పదకొండో రోజు నాతో చెప్పకుండానే ఆయనకి ఫోన్ చేసింది. అట్ట గురించి మాట్లాడాలి, ఒకసారి కలవచ్చా అని అడిగింది. ఆయన సంబరపడిపోయి ఆదివారం పదకొండింటికి రమ్మన్నాడు. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. "నువ్వు రా. నేనొక్కదాన్నీ వెళ్తే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తాను."

బస్సులో గంటన్నర. అక్క దారి పొడుగునా కిటికీలోంచి స్తంభాలు లెక్కపెట్టింది. దిగాక ఒక మందుల షాపు పక్క సందులో మూడో ఇల్లు. రెండో అంతస్తు. మెట్ల దగ్గర స్విచ్చుల బోర్డు మీద ప్రతి స్విచ్చు కిందా గుండ్రటి చేతిరాతతో చీటీ అంటించి ఉంది: "మెట్లు", "వసారా", "గంట", ఇంకోదాని కింద "ఇది దేనిదో మర్చిపోయాం". నాకు నవ్వొచ్చింది. అక్క చూసే స్థితిలో లేదు.

తలుపు ఆయనే తీశాడు. పొడుగాటి మనిషి, బట్టతల, ముంజేతి మీద పాత కాలిన మచ్చ. లోపలికి రమ్మని ఫ్యాను వేసి, అది తిరగడం మొదలెట్టేదాకా దాన్నే చూసి, అప్పుడు కూర్చున్నాడు.

"మీ బొమ్మ మా అమ్మాయి ఫోన్లో చూశానండీ," అన్నాడు. "వాన కురుస్తుంటే స్తంభం, తీగలు. ఇన్సులేటర్లు సరిగ్గా వేశారు. ఆ పింగాణీ గిన్నెలుంటాయి కదా, అవి ఎవరూ సరిగ్గా వెయ్యరండీ. తలకిందులుగా వేస్తారు, లేకపోతే అసలే వెయ్యరు. ఈవిడెవరో చూసి వేసిన మనిషి అనుకున్నాను. అందుకే మీరే కావాలన్నాను."

అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"మీకొక మాట చెప్పాలండీ. విన్నాక నాచేత వేయించుకోవాలో వద్దో మీ ఇష్టం," అంది. తరవాత తన అసలు పేరు చెప్పింది. పత్రిక పేరు చెప్పింది. "పందొమ్మిదేళ్ళ కిందట మీ పుస్తకం మీద రాసింది నేనేనండీ."

ఆయన అక్క మొహంలోకి చూశాడు. నేను చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తుచేసుకుంటున్నాను. అంతలో ఆయన లోపలి గది వైపు తల తిప్పి గట్టిగా పిలిచాడు.

"ఏమోయ్, ఒకసారిటురా. అరవై ఒకటి ఆవిడ వచ్చింది."

లోపల్నుంచి ఆయన భార్య చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు ముక్కు మీద జారి ఉంది. అక్కని పైనుంచి కిందికి చూసి, "మీరేనా? ఇంకా పెద్దావిడేమో అనుకున్నాను. రాత అలా ఉండేది," అంది. ఆ గొంతులో కోపం లేదు. బడిలో చదువుకున్న పాత స్నేహితురాలు కనపడితే మాట్లాడేలా ఉంది.

అక్క లేచి నిలబడింది. "మీవారు రాయడం మానేసింది నావల్లే. క్షమించమని అడగడానికి వచ్చాను."

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడాయన. "మీవల్ల మానెయ్యడమేంటి? ఎవరు చెప్పారు?"

అక్క పుస్తకాల షాపు సంగతి చెప్పింది. రెండు సంచులు, ఇంక రాయనన్న మాట, అన్నీ. ఆయన వింటూ వింటూ భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే నవ్వు ఆపుకుంటోంది.

"సంచుల్లో పట్టుకొచ్చింది నిజమేనండీ," అన్నాడు. "చీటీలు అంటించడానికి."

"ఏం చీటీలు?"

"నేను చెప్తానుండండి, ఈయన చెప్తే సాయంత్రమవుతుంది," అంటూ భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈయన మీ రాత సెలూన్లో చదివారు. సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో ఇంటికొచ్చేశారు, ఆ కాగితం చింపి పట్టుకుని. అబద్ధం ఎందుకు చెప్పాలి, రెండు రోజులు అన్నం సయించలేదు ఈయనకి. మూడో రోజు నేను తీసి చదివాను. సైకిలేంటి, బెల్లేంటి, ఈయన రాసుకున్నప్పుడు నాకు వినిపించిన ఆస్పత్రి కవితలో సైకిలు లేదే అనుకున్నాను. పుస్తకం తెరిచి చూద్దును కదా, నిజంగానే ఉంది. ఆస్పత్రి కవిత రెండో సగం ముప్ఫై నాలుగులో ఉంది, సైకిలు కవిత రెండో సగం ముప్ఫై రెండులో ఉంది. ప్రెస్సులో పేజీలు అతికించేవాళ్ళు ఆ రెంటినీ తారుమారు చేశారు. కింద అంకెలు మాత్రం సవ్యంగానే ఉన్నాయి. ఆ తప్పు చెప్పే చీటీలు కాపీ కాపీకీ అంటిద్దామని సంచుల్లో తెచ్చారు."

అక్క మొహంలో రంగు పోయింది. నాకది బాగా గుర్తుంది. ఏళ్ళ తరబడి ప్రూఫులు దిద్దిన మనిషి ఆవిడ.

"నేను పట్టుకోవాల్సింది," అంది మెల్లిగా. "అది నా పనే. వాక్యం తెగిపోయిందని కూడా చూడలేదు. జోకు దొరికింది కదాని సంబరపడ్డాను."

"మీరు పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు," అన్నాడాయన. "అచ్చయ్యాక ఆ కవిత మళ్ళీ చదవలేకపోయానండీ. నాన్న పోయి అప్పటికి ఆర్నెల్లే. ఆ పేజీలు వస్తే తిప్పేసేవాణ్ణి. కాని అసలు సంగతి వినండి. పుస్తకం వచ్చి అప్పటికి రెండు నెలలు. మా ఆఫీసులో, చుట్టాల్లో, నలభై మంది ఆస్పత్రి కవిత గొప్పగా ఉందన్నారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఒక్కడంటే ఒక్కడు మధ్యలో ఈ సైకిలేంట్రా అని అడగలేదు. అంటే ఎవడూ చదవలేదు. చదివింది మీరొక్కరే."

"నాతో సహా," అంది భార్య. "నేనూ పది కవితల దగ్గర ఆగిపోయాను. మీ దెబ్బకి అరవై చదివాను."

ఆ మాటకి నేను నవ్వేశాను. అక్క నవ్వలేదు. ఇంకా నమ్మకం కుదరనట్టు, "మరి ఇంక రాయనన్నారట," అంది.

"అనే ఉంటాను. ప్రతివాడూ అంటాడు కదండీ. చీటీలు అచ్చువేయించి అంటించడం మొదలెట్టేసరికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. కొండ మీద సబ్‌స్టేషను. వెంటనే ప్రమోషను. మాకు అప్పుడే అమ్మాయి పుట్టింది. కవిత్వం రాయడానికి కాస్త విసుగు కావాలండీ. అక్కడ విసుక్కోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. రిటైరయ్యాక విసుగు బాగా దొరికింది, మళ్ళీ మొదలెట్టాను." ఆయన అక్క వైపు తిరిగాడు. "మీకు ఉత్తరం కూడా రాశానే. పేజీలు తారుమారైన సంగతి, చీటీ జతచేసి, పత్రిక చిరునామాకే. జవాబు రాలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను."

అక్క తల వంచుకుంది. "అప్పటికి ఉత్తరాలు విప్పడం మానేశానండీ. తిడుతూ రాస్తారని భయం. కట్టలు కట్టలుగా చించకుండానే పారేశాను."

ఆ కట్టల్లో ఒకదాంట్లో ఉండిపోయిన ఆయన ఉత్తరం గురించి మేం నలుగురం ఆలోచించి ఉంటాం. చివరికి భార్యే అంది.

"పందొమ్మిదేళ్ళు ఇది మోసుకు తిరిగారా తల్లీ? ఒక్క ఫోను చెయ్యకపోయారా. టెలిఫోన్ డైరెక్టరీలో మా పేరుండేది."

అప్పుడు అక్కకి ఏడుపొచ్చింది. గట్టిగా కాదు. చిన్నపిల్లలు తప్పిపోయి దొరికాక ఏడుస్తారు చూడండి, అలాగ. ఆ భార్య లేచి వెళ్ళి టీ పెట్టింది. ఆయన ఏం చెయ్యాలో తెలియక ఫ్యాను ఒక గీత పెంచాడు.

"మరి దీన్ని తొలి పుస్తకమని ఎందుకు వేసుకున్నారు?" అని నేనడిగాను. అది నాకింకా ముల్లులా గుచ్చుకుంటోంది.

"మీరు చెప్పాకే కదమ్మా తెలిసింది. ఆ అరవైలో నలభై నిజంగానే అచ్చు వెయ్యాల్సినవి కావు," అన్నాడు అక్క వైపు తిరిగి. "అరవై ఒకటో దాంట్లో ఉందన్నారు చూడండి, అది తప్పు. ఇరవైలో ఉంది. ఆ ఇరవయ్యీ తీసి ఈ పుస్తకంలో కలిపాను, కొత్తవాటితోపాటు. అందుకని దీన్నే తొలి పుస్తకం అనుకుంటున్నాను. ఆస్పత్రి కవిత చివర్లో ఉంది. మీరు చూసే ఉంటారు."

అక్క చూడలేదు. ఆ కవిత పేరు కనపడగానే ఫైలు మూసేసిందట. ఆయన లోపలికి వెళ్ళి ప్రింటు తెచ్చి ఇచ్చాడు. "ఇప్పుడు చదవండి. పేజీలు సరిగ్గానే ఉన్నాయి, నేను రెండుసార్లు చూశాను."

అక్క పైకే చదివింది. మొదటి సగం తండ్రి ఊపిరి గురించి. పేజీ తిప్పాక ఇలా ఉంది:

నర్సు వచ్చి వెలుతురు తగ్గించమంది.
లేచి స్విచ్చు కోసం చూశాను.
వీధి వీధికీ దీపం పెట్టినవాణ్ణి,
ఆ గదిలో స్విచ్చెక్కడో తెలియక
గోడంతా తడుముతుంటే
మంచం మీద నాన్న
నవ్వినట్టు అనిపించింది.

గోడ తడిమే చోట అక్క తడబడింది. మళ్ళీ అదే వాక్యం నుంచి మొదలుపెట్టి పూర్తిచేసింది. కాగితం కింద పెట్టి, "ఇది మంచి కవితండీ," అంది.

"తెలుసండీ," అన్నాడాయన నెమ్మదిగా.

టీ వచ్చింది. తరవాత గంటసేపు అట్ట గురించే మాట్లాడుకున్నారు. ఆయన సంచిలోంచి పాత రబ్బరు తొడుగులు తీసి చూపించాడు, స్తంభమెక్కేటప్పుడు నడుముకి కట్టుకునే పట్టీ చూపించాడు. అక్క ట్యాబ్ తీసి అక్కడికక్కడే గియ్యడం మొదలుపెట్టింది. పది రోజులు కదలని చెయ్యి పది నిమిషాల్లో నాలుగు బొమ్మలు వేసింది. ఆయన ఒకదాన్ని పట్టుకుని, "ఈ తీగ ఇంత బిగుతుగా ఉండదండీ, ఎండకి సాగుతుంది, కాస్త వేలాడాలి," అన్నాడు. అక్క వేలాడదీసింది. భార్య కళ్ళజోడు పైకి తోసుకుని, "మనిషి మొహం కనపడనివ్వకండి, ఈయనకి బట్టతల," అంది. చివరికి వాళ్ళు ఒప్పుకున్నదాంట్లో మొహం లేదు. కిందనుంచి చూస్తే స్తంభం మీద ఒక మనిషి పాదాలు, వాటికి పైన తీగలు, ఆ పైన తెల్లవారబోయే ఆకాశం.

తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే అక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్ళు మరిచిన నిద్ర. మా స్టాపు వచ్చింది. లేపబుద్ధి కాలేదు. ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాం. కండక్టరు అడిగితే, "మా అక్క చాలా రోజుల తరవాత పడుకుంది," అన్నాను. ఆయన తల ఊపి ముందు సీటు దగ్గరికి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే అక్క బావకి మొత్తం చెప్పేసింది. బావ అంతా విని, "మణికట్టుకి నొప్పి లేదా అయితే?" అని అడిగాడు. లేదంది. "ఇన్నేళ్ళూ ఆ మూత బిగుసుకున్న డబ్బాలన్నీ నాచేత తీయించావు," అన్నాడు. ఆ తరవాత చాలాసేపు ఆయన జోకేమీ వెయ్యలేదు. వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు.

పుస్తకం మూడు నెలలకి వచ్చింది. అక్క దాంతోపాటు ఇంకో పని చేసింది. పాత పత్రికకి ఒక పేజీ రాసి పంపింది. ముప్ఫై రెండో పేజీలో ఏం జరిగిందో, తను ఏం రాసిందో, ఏది చూడకుండా రాసిందో, ఎక్కడా తనని తాను వెనకేసుకురాకుండా. పాత సంపాదకుడు లేడు. కొత్తాయన ఫోన్ చేసి, "పందొమ్మిదేళ్ళ కిందటి సమీక్షకి ఇప్పుడు సవరణేంటి మేడం, చదివినవాళ్ళకి గుర్తుంటుందా?" అన్నాడు. "ఆ జోకు గుర్తుంటుంది, సవరణ కూడా గుర్తుండనివ్వండి," అంది అక్క. వేశారు. కింద సొంత పేరుతోపాటు "చుక్క" అని కూడా ఉంది. వచ్చిన ఉత్తరాలన్నీ అక్క విప్పి చదివింది. రెండింట్లో తిట్లున్నాయి. వాటిక్కూడా జవాబు రాసింది.

మళ్ళీ కవిత్వం రాస్తుందా అని నన్నడుగుతుంటారు. నాకు తెలీదు. ఒక నోటుబుక్కు కొనుక్కున్న మాట నిజం, అందులో నాలుగు పేజీలు నిండిన మాటా నిజం. చూపించమంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను బలవంతం చెయ్యలేదు.

ఈ ఉదయం షాపులో మహా రద్దీగా ఉంది. జలుబులు, జ్వరాలు, ఒకరి తరవాత ఒకరు. మధ్యలో అక్క ఫోన్. తేనెటీగల పెంపకం మీద పుస్తకానికి అట్ట వేస్తోందట.

"చిన్నీ, తేనెటీగకి రెక్కలు రెండా, నాలుగా?"

"నాకేం తెలుసే, ఇక్కడ పదిమంది నిలబడ్డారు."

వరసలో ముందున్న పెద్దాయన ఆ మాట విని, "నాలుగమ్మా, ముందు రెండు పెద్దవి, వెనక రెండు చిన్నవి," అన్నాడు. అదే చెప్పాను. "ఆయనకెలా తెలుసో అడుగు," అంది అక్క. అడిగాను. ముప్ఫై ఏళ్ళు పెంచాడట. ఫోన్ ఆయన చేతికిచ్చి, ఆయన మందులు కట్టడం మొదలుపెట్టాను. అవతల అక్క ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది, ఈయన తీరిగ్గా చెబుతున్నాడు, వెనకవాళ్ళు కూడా చెవి ఒగ్గి వింటున్నారు.